మూడో గొయ్యి

కొవ్వూరులో ఆ వీధికి మునిసిపాలిటీ కాగితాల్లో ఎవరో పెద్దమనిషి పేరే ఉంది. అయినా సోమవారం సాయంత్రానికల్లా అందరూ దాన్ని గోతుల వీధి అనడం మొదలుపెట్టారు. గాయపడ్డ కరెంటు కేబులు కోసం మొదటి గొయ్యి శనివారం మలుపు దగ్గర తవ్వారు. నడుం లోతు దిగితే కేబులు నిక్షేపంగా ఉంది. రెండోది సోమవారం మధ్యాహ్నం, సుబ్బాయమ్మ టిఫిన్ల పాక ముందు. అక్కడా కేబులు నిక్షేపంగానే ఉంది. కాకపోతే ఈసారి గునపం మంచినీళ్ళ గొట్టానికి తగిలింది. నీళ్ళు ఎగజిమ్మి, గట్టు నానిపోయి, సుబ్బాయమ్మ ఏళ్ళ తరబడి ఇడ్లీ గిన్నె పెట్టుకుంటున్న ఇటుకల పొయ్యి అందరూ చూస్తుండగానే గోతిలోకి జారిపోయింది.

"కరెంటు తెస్తామని వచ్చి నీళ్ళు తీసుకుపోయారు. రేపొచ్చి గాలి కూడా పట్టుకుపోండి బాబూ, ఓ పనైపోద్ది," అంది సుబ్బాయమ్మ. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది, కేబులు వెతకడానికొచ్చిన వ్యానులో ఉన్న హారతికి.

ఆ మాట విని కూడా హారతి వెంటనే దిగలేకపోయింది. వ్యాను వెనక భాగమంతా కరెంటు నిలవచేసే కెపాసిటర్లే. ముందు కరెంటు ఆపి, మీటరు ముల్లు సున్నాకి వచ్చేదాకా ఆగి, మిగిలిన కరెంటుని నేలలోకి దింపే పొడుగాటి ఎర్త్ కర్ర కొక్కేన్ని ఒక్కో కెపాసిటరుకీ తగిలించి, చివరికి ఆ కర్రని అక్కడే వేలాడదీసి గాని ఆమె తలుపు తియ్యదు. ఖాళీ అయిందనుకున్న కెపాసిటరు కాసేపటికి మళ్ళీ కొంత బలం పుంజుకుంటుంది. ఆ కొంతా మనిషిని తీసుకుపోవడానికి చాలు. చెవులకి పెట్టుకున్న డొప్పలు తీసి మెడలో వేసుకుని దిగేసరికి వీధి మొత్తం ఆమెనే చూస్తోంది.

ఆ వ్యాను చేసే పని చెప్పుకోవడానికి తేలికే. భూమిలో మూడడుగుల కింద ఎక్కడో కేబులుకి గాయమైంది. ఎక్కడైందో ఎవరికీ కనపడదు. వ్యానులో ఉన్న పెట్టె ఒకటి, ఇక్కణ్ణుంచి మూడొందల మీటర్లకీ మూడొందల అరవైకీ మధ్య అని మాత్రం చెప్పి ఊరుకుంటుంది. అప్పుడు కెపాసిటర్లలో ఇరవై నాలుగు వేల వోల్టులు నింపుతారు. ఆ బలాన్నంతా పట్టి ఆపేది ఒక స్విచ్. స్విచ్ అంటే గోడ మీద టిక్కుమనేది కాదు. మరచెంబంత పింగాణీ గొట్టం, అందులో ఎదురెదురుగా రెండు లోహపు గుబ్బలు, వాటి మధ్య ఒత్తిడితో కుక్కిన నైట్రోజన్ గ్యాసు. ఆ గ్యాసు బిగువుగా ఉన్నంతసేపూ కరెంటు ఈ గుబ్బ నుంచి ఆ గుబ్బకి దాటలేదు. హారతి బటన్ నొక్కగానే లోపల చిన్న రవ్వ లేస్తుంది, గ్యాసు దారి వదిలేస్తుంది, నింపిందంతా రెప్పపాటులో కేబులులోకి దూకుతుంది. గాయమైన చోటికి వెళ్ళి మట్టిలో 'ధబ్' మంటుంది. ఆ చప్పుడు పట్టుకునేవాడు అప్పాజీ.

అప్పాజీ అరవై దాటిన మనిషి. చేతిలో ఐదడుగుల ఇనప కడ్డీ. దాని కింది కొన నేలకి, పై కొన చెవికి ఆనించి, వీధి వెంట అడుగులో అడుగు వేస్తూ పోయి, ఒకచోట ఆగి చెయ్యెత్తుతాడు. అక్కడ తవ్వుతారు. ఇరవై రెండేళ్ళుగా రెండు జిల్లాల్లో ఆయన చెయ్యెత్తిన చోట కేబులు కాలిపోయి కనపడింది. చెవి అప్పాజీ అంటే తెలియని కరెంటువాడు లేడు.

ఆ సాయంత్రం కంపెనీ యజమాని శివరామరాజుగారు స్వయంగా వచ్చారు. కంపెనీ అంటే మరీ ఎక్కువ ఊహించుకోనక్కర్లేదు. రాజమండ్రి పొలిమేరలో ఒక షెడ్డు, ఈ వ్యాను, నలుగురు మనుషులు. ఆయన రెండు గోతులూ చూశారు, సుబ్బాయమ్మ పొయ్యి చూశారు, వేరేచోటి నుంచి అరువు తెచ్చిన కరెంటుతో ఎద్దుబండిలా తిరుగుతున్న ఎవరింట్లోదో ఫ్యాను కూడా కిటికీలోంచి చూశారు.

"ఏంటిరా ఫణీ ఇది?" అని మేనల్లుణ్ణి అడిగారు.

ఫణీంద్ర ఇంజనీరు. జవాబు సిద్ధంగానే పెట్టుకున్నాడు. "స్విచ్ తేలిపోతోంది మావయ్యా. గ్యాసు తగ్గితే వోల్టేజి నిండకముందే దూకేస్తుంది. దెబ్బలో బలం ఉండదు. అప్పాజీ మాత్రం ఏం వింటాడు?"

"నిండకముందు దూకలేదు సార్," అంది హారతి. నోటుబుక్కు తెరిచి చూపించింది. "ప్రతి దెబ్బా రాశాను. శనివారం నూట పది, ఇవాళ నూట నలభై. అన్నీ ఇరవై నాలుగు దగ్గరే."

"రాసుకోవడానికేముంది?" అన్నాడు ఫణీంద్ర.

ఆ మాట ఆమెకి చెంపమీద కొట్టినట్టయింది. రాజుగారు మాత్రం మెత్తగానే మాట్లాడారు. పెద్దమనుషులు మెత్తగా మాట్లాడినప్పుడే భయపడాలి. "చూడమ్మా, అప్పాజీ చెవి తప్పు చెప్పడం నేనింతవరకు చూళ్ళేదు. చెవి తప్పు కానప్పుడు స్విచ్ తప్పే అవ్వాలి కదా. స్విచ్ చూసేది నువ్వు. రేపు దాన్ని విప్పి, శుభ్రంచేసి, గ్యాసు నింపు. ఎల్లుండి ఫణి కొడతాడు. జరిగిందానికి ఓ కాగితం రాసివ్వు. మనకి పని ఇచ్చినవాళ్ళకి నేనేదో ఒకటి చూపించాలి."

కాగితం అంటే ఏమిటో హారతికి తెలుసు. జూన్ ముప్పైతో ఆమె ఒప్పందం అయిపోతుంది. స్విచ్ పాడుచేసిన మనిషి అని ఒకసారి కాగితం మీద పడితే మళ్ళీ ఎవరూ కెపాసిటర్ల దరిదాపులకి రానివ్వరు. ఇలాంటి వ్యాను ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు కూడా. చదివిన డిప్లొమా చుట్టచుట్టి ఏ సెల్‌ఫోన్ల కొట్లోనో కవర్లు అమ్ముకోవాలి. ఆమె అప్పాజీ వైపు చూసింది. దెబ్బ బలంగానే ఉంది అని ఆయనొక్క మాట అంటే చాలు. అప్పాజీ కడ్డీకి అంటిన మట్టిని గోటితో గీకుతున్నాడు. వేరే ఊళ్ళో గొడవ జరుగుతున్నట్టే ఉంది ఆయన వాలకం.

మంగళవారం పొద్దున్నే షెడ్డులో హారతి స్విచ్ విప్పింది. జుట్టు గుడ్డతో కట్టేసుకుంది. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది. తలనూనె వేలిముద్ర ఒక్కటి పింగాణీ మీద పడితే కరెంటు దాన్నే బాట చేసుకుని పైపైన పాకుతుంది. పాత గ్యాసు వదిలేసి, మూత బోల్టులు ఎదురెదురువి ఒకదాని తరవాత ఒకటి కొద్దికొద్దిగా వదులుచేసింది. ఒకేవైపు విప్పుకుంటూ పోతే పింగాణీ పగులుతుంది. అలాంటి పనుల్లో ఆమెకి తొందర లేదు. తొందర లేకపోవడమే ఆమెకున్న ఆస్తి.

మూత లేవగానే కాలిన వాసన గుప్పుమంది. రెండు గుబ్బలనీ కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూసింది. మొహాలు రెండూ ఒకే తీరుగా, చల్లారిన కుంపటి బూడిదలా ఉన్నాయి. ఒకచోట గుంట లేదు, ఒకచోట బొడిపె లేదు. పింగాణీ లోపలి గోడ మీద నల్లచార ఒక్కటి లేదు. అది నీతిగా పనిచేసిన స్విచ్. దాన్ని చూస్తుంటే ఆమెకి ఏడుపొచ్చింది. నిర్దోషి అని తెలియడం మంచిదే గానీ, తెలిసింది తనొక్కదానికే.

"సమంగా కాలింది," అన్న మాట వెనక నుంచి వినపడింది. అప్పాజీ. పిలవకుండానే వచ్చాడు. ఎప్పుడొచ్చి నుంచున్నాడో.

"చూశారుగా బాబాయ్. దీంట్లో ఏం లోపముందో చెప్పండి."

ఆయన ఆమె మొహంలోకే చూస్తూ విని, "లోపం లేదమ్మా," అన్నాడు. 

మధ్యాహ్నానికి గుబ్బలు సానపట్టి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త రబ్బరు రింగులు వేసి స్విచ్ బిగించింది. అప్పాజీ నైట్రోజన్ సిలిండరు దొర్లించుకొచ్చి గొట్టం తగిలించాడు. గ్యాసు వదిలాక లీకు చూడ్డం ఎప్పుడూ ఆయన వంతే. వంగి, సిలిండరు మెడ దగ్గరున్న బిగింపుకి చెవి ఆనించినంత పని చేసి, కళ్ళు మూసుకుని, "చుక్క లీకు లేదు. కానియ్యి," అన్నాడు.

హారతి రెండు గజాల దూరంలో ఉంది. అక్కడికే సుయ్యిమని వినపడుతోంది.

వేళాకోళం అనుకుంది మొదట. ఆయన మొహంలో వేళాకోళం లేదు. కళ్ళు తెరిచి, ఇంకేంటి ఆలస్యం అన్నట్టు చూస్తున్నాడు. ఆమె ఏమీ అనకుండా సబ్బునీళ్ళ డబ్బా తెచ్చి, కుంచెతో ఆ బిగింపు చుట్టూ రాసింది. నురగ కదిలింది. ఒక బుడగ రేగుపండంత అయి పగిలింది. పక్కన ఇంకోటి లేచింది. అదీ పగిలింది. ఇద్దరూ వాటిని చూస్తూ నుంచున్నారు. అప్పాజీ చెయ్యి చాచి సిలిండరు కట్టేశాడు.

హారతి బల్ల దగ్గరికి వెళ్ళి పాత నోటుబుక్కులు తీసింది. అనుమానం పుట్టాక ఆగడం ఆమె వల్ల కాదు. పోయిన రెండేళ్ళలో అప్పాజీ పట్టుకున్న చోట్లు ముప్పై పైచిలుకు. ప్రతిదాని ఎదురుగా ఆమె దస్తూరీతోనే ఉంది: జాయింట్, జాయింట్, జాయింట్. కేబులు ముక్కని ముక్కకి అతికిన చోట్లు. అవన్నీ వేయించినప్పుడు అప్పాజీ అక్కడే ఉన్నాడు. కొవ్వూరు గోతులు రెండింటి కిందా దొరికినవి కూడా పాత జాయింట్లే, కాకపోతే చెక్కుచెదరనివి. ఆయన వింటూ నడవడం లేదు. గుర్తుపెట్టుకుని నడుస్తున్నాడు.

"ఎన్నాళ్ళయింది బాబాయ్?" అని పెదాలు బాగా కదిపి అడిగింది.

"సన్న చప్పుళ్ళు పోయి చాలాకాలమైంది. ధబ్ మనేది పోయి రెండేళ్ళు." స్టూలు మీద కూర్చున్నాడు. "నువ్వు రాకముందు కొట్టేదీ నేనే, వినేదీ నేనే. అప్పటి స్విచ్ ఇలా మూసి ఉండేది కాదు, బయట గాల్లోనే పేలేది. ఇంత వ్యానులో, పక్కనే కూర్చుని. నువ్వొచ్చాక రాజుగారితో పోట్లాడి నీకు డొప్పలు కొనిపించాను. అప్పటికే నావి సగం పోయాయి."

"మరి ఇన్నాళ్ళూ..."

"నూటికి తొంభై జాయింటు దగ్గరే పోద్దమ్మా. ఆ తొంభై నన్ను నెట్టుకొచ్చాయి."

హారతికి జాలేసింది. జాలితో పాటే ఒళ్ళు మండింది కూడా. రెండూ ఒకేసారి వస్తే మనిషి దేన్ని పట్టుకోవాలో తెలియక తికమకపడుతుంది. "సాయంత్రం రాజుగారొస్తారు, సంతకం పెట్టమంటారు. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

అప్పాజీ నేల చూపులు చూశాడు. "నేనే చెప్తా," అన్నాడు.

చెప్పలేదు. సాయంత్రం రాజుగారు టైపు చేయించిన కాగితం బల్లమీద పెట్టారు. 'స్విచ్ నిర్వహణలో నా అశ్రద్ధ వల్ల' అని మొదలవుతుంది అది. హారతి చదివి తలెత్తింది. అప్పాజీ గుమ్మంలో నుంచుని, వాకిట్లో కుక్కపిల్ల చెప్పు కొరుకుతుంటే అదేదో కొత్త సంగతన్నట్టు చూస్తున్నాడు. ఆయన తిరుగుతాడేమోనని ఆమె పది దాకా లెక్కపెట్టింది. ఆయన వెనక్కి తిరగలేదు.

"స్విచ్ తప్పు కాదండి. నేను అది రాయను," అంది.

"మరి ఎవరి తప్పమ్మా?"

ఆ ప్రశ్నకి జవాబు నాలుక చివరే ఉంది. చెవి అప్పాజీకి చెవి లేదు అనడానికి నాలుగు మాటలు చాలు. కానీ ఆ మాటలు ఆయనవి. వేరేవాళ్ళు లాక్కుని అనేస్తే అది దొంగతనంలా ఉంటుందనిపించింది ఆమెకి. "నాకు తెలీదండి," అంది. తనచేత అబద్ధం ఆడించినందుకు అప్పాజీ మీద ఇంకా కోపం వచ్చింది.

రాజుగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "రేపు దొరికితే అప్పుడు మాట్లాడదాం," అన్నారు.

బుధవారం ఎండ ఎనిమిదింటికే మాడ్చేస్తోంది. రాజుగారు వ్యాను నీడలో కుర్చీ వేయించుకున్నారు. వ్యానులో ఫణీంద్ర కూర్చున్నాడు. హారతి చేతికి ముగ్గుపిండి డబ్బా ఇచ్చి, అప్పాజీ వెనకాల వెళ్ళమన్నారు. చోటు దొరికితే గుర్తు వెయ్యడం ఆమె పని. ఇరవై నాలుగు వేల వోల్టులు కాచిన మనిషికి ముగ్గుపిండి. సుబ్బాయమ్మ పక్కింటి అరుగు మీద గ్యాసు స్టవ్వు అరువు తెచ్చి పెట్టుకుని, అట్లకాడ పట్టుకుని ఈ తిరనాళ్ళంతా చూస్తోంది.

"కొడుతున్నా!" అని వ్యానులోంచి అరిచాడు ఫణీంద్ర. ఆరేసి క్షణాలకొక దెబ్బ. అప్పాజీ కడ్డీ ఆనించడం, ఆగడం, తీయడం, రెండడుగులు వెయ్యడం. ఎవరు చూసినా పనితనమే కనపడుతుంది. హారతికి మాత్రం ఆయన మెడ మీద దిగుతున్న చెమట కనపడుతోంది. ఈ ముక్కలో ఇంక జాయింట్లు లేవు. గుర్తుపెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఖాళీ స్థలం గోడ పక్కన ఇసుక లారీ ఒకటి ఆగి ఉంది. లారీ చాటుకి వెళ్ళాక అప్పాజీ ఆగిపోయాడు. కడ్డీ ఆమెకి చాచాడు. "నువ్వు వినమ్మా," అన్నాడు.

హారతి తీసుకోలేదు. "నిన్న ఎందుకు చెప్పలేదు?"

"నోరు రాలేదమ్మా." కడ్డీ ఇంకా చాచే ఉంచాడు. "చెవి పోయిందంటే నేనింక ఎవడిని?"

హారతికి సుబ్బాయమ్మ పొయ్యి గుర్తొచ్చింది. వీధిలో ఇంకో మూడు గోతులు తవ్వించినా ఈ మనిషి జాయింట్ల కోసమే వెతుకుతాడు. కడ్డీ తీసుకుని నేలకి ఆనించి, చెవి పెట్టింది.

మూడేళ్ళుగా ఆమె ఆ దెబ్బని పంపిస్తూనే ఉంది. అది చేరడం ఎప్పుడూ వినలేదు. మొదట ఏమీ లేదు. తన గుండె, దూరంగా ఏదో మోటారు. రెండడుగులు ముందుకి వేసింది. ఏదో ఉంది. నాలుగు అడుగులు. ఎవరో కింద నుంచి పిడికిలితో ఒకసారి తట్టినట్టు, ధబ్. ఆరు క్షణాలు ఆగి మళ్ళీ ధబ్. ఒళ్ళు జల్లుమంది. దాటి వెళ్ళింది, తగ్గింది. వెనక్కి వచ్చింది, పెరిగింది. లారీ వెనక చక్రానికి రెండు గజాల అవతల, ఆ చప్పుడు ఎముకలోకి వచ్చింది. ఆ సంతోషంలో మిగతాదంతా ఆ నిమిషం మరిచిపోయింది. ముగ్గుపిండితో అడ్డంగా నిలువుగా గీతలు గీసి కడ్డీ ఆయనకిచ్చేసింది.

అప్పాజీ లారీ చాటు నుంచి రెండడుగులు బయటికొచ్చి చెయ్యెత్తాడు. "ఇక్కడేనండి రాజుగారూ!"

కూలీలు గునపాలు ఎత్తారు. "ఆగండి!" అని హారతి అరిచింది. "ఎర్త్ కర్ర తగిలించారా సార్?" ఫణీంద్ర దిగబోతున్నవాడల్లా మొహం మాడ్చుకుని మళ్ళీ లోపలికెళ్ళాడు. కర్ర తగిలించాడని చూసి వచ్చాక గాని మొదటి గునపం పడనివ్వలేదు ఆమె.

జానెడు లోతునే ఒక ఇనప మేకు తగిలింది. ఏదో పెళ్ళికి షామియానా కట్టినప్పుడు దిగ్గొట్టి, పీకితే ఊడిరాక తల విరగ్గొట్టి వదిలేసినది. మూడడుగులు దిగేసరికి దాని కొన కేబులు తొడుగులోకి దిగి ఉంది. చుట్టూ బొగ్గులా కాలిపోయి, వేలు పట్టేంత బొక్క. వీధి వీధంతా ఈలలు వేసింది.

రాజుగారు కుర్చీలోంచి లేచి వచ్చి అప్పాజీ భుజం చరిచారు. "అదీ, అప్పాజీ చెవంటే!"

"చూశారా మావయ్యా," అన్నాడు ఫణీంద్ర. "స్విచ్‌లో కొత్త గ్యాసు పడగానే ఆయనకి వినపడింది. నేను మొన్ననే చెప్పాను."

"ఔన్రా." రాజుగారు జేబులోంచి మడత కాగితం తీశారు. "ఇప్పుడేమంటావమ్మా హారతీ? తెగేదాకా లాగకు. సంతకం పెట్టేసెయ్యి, మర్యాదగా పోతుంది."

హారతి ఆ కాగితం వంక చూసింది. తను విని పట్టుకున్న గొయ్యే తనకి ఎదురు సాక్ష్యం చెబుతోంది. నిన్నటి దాకా అనుమానమే, ఇవాళ రుజువు కూడా దొరికింది వాళ్ళకి. తనంతట తానే ముగ్గు వేసి మరీ చూపించింది. ఇప్పుడు ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు? అప్పాజీకి ఇంతకంటే మంచి రోజు రాదు. ఆయన పేరు నిలబడింది. నోరు మూసుకుని ఉంటే చాలు.

అప్పాజీ కాగితం చూశాడు. ఆమె మొహం చూశాడు. కడ్డీ తీసుకెళ్ళి గోడకి ఆనించి వచ్చాడు.

"నాకేమీ వినపడలేదండి," అన్నాడు.

"ఏంటి?" రాజుగారి నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.

"శనివారం వినపడలేదు, సోమవారం వినపడలేదు, ఇవాళా వినపడలేదు. రెండేళ్ళయిందండి. జాయింట్లు గుర్తుంచుకుని నెట్టుకొచ్చాను. ఇక్కడ జాయింటు లేదు కదండి, నాకెలా తెలుస్తాది? అమ్మాయి వింది, నేను చెయ్యెత్తాను. స్విచ్ మొదట్నుంచీ బాగానే ఉంది. ఆ రెండు గోతులూ నావండి."

"ఆ పిల్లని వెనకేసుకొస్తున్నాడు మావయ్యా," అన్నాడు ఫణీంద్ర.

రాజుగారు నెమ్మదిగా నాలుగడుగులు వేసి అప్పాజీ వెనక్కి వెళ్ళారు. ఇరవై రెండేళ్ళుగా పిలుస్తున్న గొంతుతోనే, "అప్పాజీ," అన్నారు. ఇంకాస్త గట్టిగా, "ఒరేయ్ అప్పాజీ," అన్నారు. అప్పాజీ గోతిలో కేబులు వంక చూస్తూ అలాగే నుంచున్నాడు. 

రాజుగారి మొహం చిన్నబోయింది. కాగితాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, "ఫణీ, వ్యాను ఆ అమ్మాయికి అప్పజెప్పు," అన్నారు. 

సుబ్బాయమ్మ అట్లకాడతోనే అరుగు దిగి వచ్చింది. అప్పాజీ ఎదురుగా నుంచుని ఆయన్ని ఎగాదిగా చూసింది. "అయితే నా పొయ్యి కూలగొట్టింది మిషను కాదన్నమాట. ఈ మనిషి," అంది.

ఆవిడ పెదాలు కదలడం అప్పాజీ చూశాడు. అలాంటప్పుడు ఆయన తలూపి నవ్వేస్తాడు, ఎదుటివాళ్ళు ఏదో ఒకటి అనుకుని వెళ్ళిపోతారు. ఇవాళ నవ్వలేదు. హారతి వైపు తిరిగి, అందరూ చూస్తుండగా చేతిని దొప్పలా చెవి వెనక పెట్టాడు.

"ఏమందమ్మా ఆవిడ? గట్టిగా చెప్పు."

హారతి గట్టిగానే చెప్పింది, వీధి చివరి దాకా వినపడేటట్టు. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట మెత్తబరచలేదు.

అప్పాజీ పూర్తిగా విన్నాడు. "అవునమ్మా, నేనే," అని సుబ్బాయమ్మతో అని, పంచె ఎగ్గట్టి, జారిపోయిన ఇటుకలు ఏరడానికి రెండో గోతిలోకి దిగాడు.